‘సమయం లేదు’ అని అమ్మాయిలూ అబ్బాయిలూ ఒకే గడిలో టిక్ పెట్టారు. ఇప్పుడు తేడా లేదని రాయాలా?

మూడో బెంచి (ఎంబీబీఎస్ మూడో సంవత్సరం)

అందరికీ నమస్కారం. కోస్తాలో ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో చదువుతున్నాను. కళాశాల పేరు చెప్పను. ఎందుకో చదువుతూ ఉంటే మీకే తెలుస్తుంది.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారు వైద్య విద్యార్థులకు ఇచ్చే షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్‌కు ప్రతిపాదన పంపాలనుకుంటున్నాను. రెండు నెలల్లో ముగించాల్సిన చిన్న పరిశోధన. విషయం: వైద్య విద్యార్థులు పరిశోధన జోలికి వెళ్లకుండా ఏమి అడ్డుపడుతోంది, ఆ అభిప్రాయాల్లో అమ్మాయిలకూ అబ్బాయిలకూ తేడా ఉందా. గైడు మా ఎస్‌పీఎం (సామాజిక వైద్యం) సార్. మంచివారు, అడిగిన వెంటనే ఒప్పుకున్నారు. ఒక ప్రశ్నావళి కూడా ఇచ్చారు. అందులో ఇరవై వాక్యాలు. ‘పరిశోధనకు నాకు సమయం లేదు’, ‘మార్గదర్శకులు దొరకడం లేదు’, ‘గణాంకాలు నాకు రావు’, ‘డబ్బు సాయం లేదు’... ఇలా. ఒక్కో వాక్యానికి ఐదు గడులు, పూర్తిగా ఒప్పుకుంటాను నుంచి అసలు ఒప్పుకోను దాకా.

ప్రశ్నలు అర్థమవుతున్నాయో లేదో చూద్దామని నా స్నేహితులు పది మందికి ఇచ్చాను. ఆరుగురు అమ్మాయిలు, నలుగురు అబ్బాయిలు. ‘సమయం లేదు’ దగ్గర పది మందీ మొదటి గడిలోనే టిక్ పెట్టారు. అంటే ఈ ప్రశ్నలో తేడా సున్నా. సార్‌కు చూపిస్తే, ‘చూశావా, సమయం అందరికీ సమస్యే’ అన్నారు.

నాకు మనసొప్పలేదు. క్యాంటీన్‌లో కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ అడిగాను: నీకు సమయం ఎక్కడ పోతోంది?

ఒకడు పీజీ ప్రవేశ పరీక్షకు ఇప్పటినుంచే ఆన్‌లైన్ తరగతులు వింటున్నాడు, రాత్రి పదకొండు దాకా. ఇంకొకడు క్రికెట్ అని నిజాయితీగా చెప్పాడు. మా రూమ్మేట్ సంగతి వేరు. ఆమె ఒక మేడమ్ దగ్గర పాత కేస్ షీట్లతో చిన్న పని మొదలుపెట్టింది. మా తరగతులు ముగిసేది నాలుగింటికి. రికార్డు సెక్షన్ గుమాస్తా తాళం వేసేది ఐదింటికి. నడిచి వెళ్లి, సంతకం పెట్టి, షీట్లు తీయించుకునే సరికి మిగిలేది అరగంట. ‘రాత్రి ఎనిమిదికి డ్యూటీ అబ్బాయి వస్తాడు, అప్పుడు రండి, తీరిగ్గా చూసుకోవచ్చు’ అంటాడు గుమాస్తా. మా హాస్టల్ గేటు ఏడున్నరకు వేస్తారు. అబ్బాయిల హాస్టల్ గేటు తలుపు ఊడిపోయి రెండేళ్లయింది, దాన్ని మళ్లీ బిగించాలని ఇంతవరకూ ఎవరికీ తోచలేదు.

మరో అమ్మాయి రోజూ ఊరి నుంచి బస్సులో వస్తుంది. ‘సమయం ఉంటుందే, కానీ అది నా చేతిలో ఉండదు’ అంది. సాయంత్రం ఇంటికి వెళ్లాక నాన్నమ్మకు ఇన్సులిన్ ఇవ్వాలి, తమ్ముడి హోంవర్క్ చూడాలి. ‘డాక్టరు చదువుతున్నావుగా’ అని చుట్టాల రిపోర్టులన్నీ ఆమె ఫోనుకే వస్తాయి.

ఇక ‘గణాంకాలు నాకు రావు’ అన్న వాక్యం. ఇక్కడ తేడా బాగా కనిపించింది. అమ్మాయిల్లో ఐదుగురు ఒప్పుకున్నారు, అబ్బాయిల్లో ఒక్కడు కూడా ఒప్పుకోలేదు. సరే అని, పి-విలువ 0.05 కన్నా తక్కువ అంటే అర్థం ఏమిటని పది మందినీ అడిగాను. ఒక్కరూ సరిగా చెప్పలేదు. ‘నిరూపణ అయినట్టే కదా’ అని ధీమాగా చెప్పినవాడు ‘నాకు వచ్చు’ అని టిక్ పెట్టినవాడే.

హాస్టల్ వేళల గురించి ఒక ప్రశ్న చేర్చుకుంటానని సార్‌ను అడిగాను. ‘అమ్మా, అది వార్డెన్ సమస్య, పరిశోధన సమస్య కాదు. పైగా పరిశోధనలకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీలో ప్రిన్సిపాల్ గారు చూస్తారు, ఎందుకు వచ్చిన గొడవ’ అన్నారు. విద్యార్థినుల్లో ఆత్మవిశ్వాస లోపం అనే కోణంలో వెళితే పేపరు సులువుగా అచ్చవుతుందని కూడా చెప్పారు.

సమయం దగ్గర తేడా ఉంది, నా ఫారానికి అది కనబడటం లేదు. గణాంకాల దగ్గర తేడా లేదు, నా ఫారం ఉందంటోంది. ఈ ఫారంతో నేనేం రాయాలి? అనుభవం ఉన్నవారు దారి చూపండి.

---

రికార్డు గది (ఎస్‌పీఎం, అసోసియేట్ ప్రొఫెసర్)

ముందు మందలింపు, తర్వాత మెచ్చుకోలు. పది మందికి ఫారం ఇచ్చింది ఎథిక్స్ కమిటీ అనుమతికి ముందా, తర్వాతా? ముందైతే ఆ సమాధానాలను అసలు డేటాలో కలపకు. ముందస్తు పరీక్ష చేస్తానని ప్రతిపాదనలోనే రాసుకో. ఇక ప్రిన్సిపాల్ గారి సంగతి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం సంస్థ అధిపతి ఆ కమిటీలో సభ్యులుగా ఉండకూడదు, అధ్యక్ష స్థానంలో సంస్థకు బయటివారు ఉండాలి. మీ దగ్గర నిజంగా అలా నడుస్తోందో లేదో నాకు తెలియదు కానీ, భయపడటానికి ముందు నియమం ఏమిటో తెలుసుకోవడం మంచిది.

ఇక మెచ్చుకోలు. ఫారంలో టిక్కులు చూసి ఊరుకోకుండా ఎందుకని అడిగావు చూడు, నీ ప్రాజెక్టు మొత్తంలో అసలైన పని అదే. మిగతాది దాని చుట్టూ కట్టుకోవాలి.

నీ ఫారంలో ఇబ్బంది అడ్డంకి అనే మాటతోనే మొదలవుతోంది. ‘మీకు అడ్డంకులు ఏమిటి’ అని అడిగితే పిల్లలు పాఠ్యపుస్తకంలోని జవాబు రాస్తారు: సమయాభావం, నిధుల కొరత, మార్గదర్శకుల లేమి. అసలు పరిశోధన మొదలే పెట్టని వాడూ అదే రాస్తాడు, సగంలో ఆగిపోయిన పిల్లా అదే రాస్తుంది. బదులుగా ఇలా అడిగి చూడు: ‘ఎప్పుడైనా మొదలుపెట్టావా? ఎక్కడ ఆగిపోయావు?’ ఆలోచన దగ్గరా, గైడు దొరకడం దగ్గరా, ప్రతిపాదన రాయడం దగ్గరా, అనుమతి దగ్గరా, డేటా దగ్గరా, లెక్కల దగ్గరా, రాయడం దగ్గరా, పేపరులో పేరు దగ్గరా? ఆగిన మెట్టు తెలిస్తే ఎవరిని ఏది ఆపిందో దానంతట అదే బయటికి వస్తుంది. మొదలుపెట్టనివారిని విడిగా చూడాలి. లేకపోతే ఇంకో చిక్కు కూడా ఉంది. పరిశోధనలో దిగినవారికే దాని కష్టాలు తెలుస్తాయి. మీ బ్యాచ్‌లో దిగినవారిలో అమ్మాయిలు ఎక్కువైతే, ఫిర్యాదులూ వాళ్లవే ఎక్కువగా కనిపిస్తాయి. అది ఆడమగ తేడా కాదు, అనుభవం తెచ్చిన తేడా.

సమయం గురించి అభిప్రాయం అడగకు, లెక్క అడుగు. గడిచిన ఏడు రోజుల్లో సాయంత్రం నాలుగు నుంచి పది దాకా ఎక్కడ ఉన్నారో గంటల వారీగా గడులు పెట్టు. రెండు నిమిషాల్లో నింపేస్తారు. దాని కింద ఒకే ఒక ప్రశ్న: ‘సాయంత్రం ఆరు తర్వాత ఆసుపత్రికి గానీ గ్రంథాలయానికి గానీ గైడు దగ్గరికి గానీ, ఎవరి అనుమతీ అడగకుండా వెళ్లగలరా?’ ఇందులో హాస్టల్ అనే మాట లేదు, వార్డెన్ లేదు, ఆడపిల్ల అన్న ప్రస్తావనా లేదు. ఇద్దరికీ అదే ప్రశ్న. మీ సార్ కాదనలేరు.

గణాంకాల దగ్గర కూడా అంతే. వచ్చా అని అడగకు, వచ్చో రాదో చూడు. స్వయంగా వేసుకున్న మార్కు పక్కన ఐదు చిన్న ప్రశ్నలు పెట్టు. పి-విలువ అంటే ఏమిటన్నది వాటిలో ఒకటి ఉండనీ. (తేడా నిజంగా ఏమీ లేనప్పుడు కూడా ఇంత తేడా, లేదా ఇంతకన్నా పెద్ద తేడా, కేవలం యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం ఎంత అన్నదే అది. నిరూపణ కానే కాదని ఆ ధీమా అబ్బాయికి చెప్పు.) వేసుకున్న మార్కుకూ వచ్చిన మార్కుకూ మధ్య దూరం ఎంత, అది ఎవరిలో ఎటువైపు ఉంది, అది నీ ఫలితం. అప్పుడు ‘విద్యార్థినుల్లో ఆత్మవిశ్వాస లోపం’ అని రాయాలో, ‘విద్యార్థుల్లో అతివిశ్వాసం’ అని రాయాలో లెక్కలే చెబుతాయి. రెండో శీర్షికతో వచ్చిన పేపరు నా కంట ఇంతవరకూ పడలేదు.

లెక్కల దగ్గర రెండు జాగ్రత్తలు. ఇరవై వాక్యాలను విడివిడిగా 0.05 గీత దగ్గర పరీక్షిస్తే, అవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివనుకుందాం, అసలు ఏ తేడా లేకపోయినా కనీసం ఒకచోట తేడా ఉన్నట్టు కనిపించే అవకాశం 64 శాతం. కాబట్టి ముందే రెండో మూడో ప్రధాన ప్రశ్నలు ఎంచుకుని ప్రతిపాదనలో రాసేసెయ్. ఇరవైనీ పరీక్షించి తీరాలంటే గీతను 0.0025కు దించు. రెండోది, ఎంతమంది కావాలి? ఒక వాక్యానికి అబ్బాయిల్లో 50 శాతం, అమ్మాయిల్లో 65 శాతం ఒప్పుకుంటారనుకుంటే, ఆ తేడాను 80 శాతం పవర్‌తో (అంటే తేడా నిజంగా ఉంటే నూటికి ఎనభైసార్లు దొరికేలా) పట్టుకోవడానికి ఒక్కో వైపు సుమారు 167 మంది కావాలి. ఒక బ్యాచ్ చాలదు, అన్ని సంవత్సరాలవారినీ కలుపుకోవాలి. మీ గ్రూపులో అందరూ ఫారం నింపారని సంబరపడకు. పరిశోధన అంటే ఇష్టం లేనివాడు లింకు తెరవడు. వాడి అభిప్రాయమే నీకు అన్నిటికన్నా అవసరం.

ఇంకో మాట. ఫారాలు మీ సార్ చేతుల మీదుగా పంచకు. విద్యార్థులు అధ్యాపకుల కింద ఉన్నవారు, కాదనలేరు. పైన చెప్పిన ఐసీఎంఆర్ మార్గదర్శకాలే ఇలాంటివారి విషయంలో ప్రత్యేక జాగ్రత్త చెబుతాయి. పేరు అడగకపోయినంత మాత్రాన గోప్యత వచ్చినట్టు కాదు. 150 మంది ఉన్న బ్యాచ్‌లో సంవత్సరం, లింగం, హాస్టల్, సొంత జిల్లా నాలుగూ అడిగితే ఆ పిల్ల ఎవరో క్యాంటీన్ కుర్రాడు కూడా చెప్పేస్తాడు. సొంత జిల్లా తీసెయ్.

నా పేరు ఇక్కడ ‘రికార్డు గది’ అని ఎందుకు పెట్టుకున్నానో చెబుతాను. ఎండీ థీసిస్ రోజుల్లో నేను ఏడో నెల గర్భంతో ఉన్నాను. పాత కేస్ షీట్లు మూడో అంతస్తులో ఉండేవి, లిఫ్టు ఉండేది కానీ నడిచేది కాదు. మా వారు కూడా అదే ఆసుపత్రిలో మరో విభాగంలో పీజీ. ఆయన రాత్రి భోజనం చేసి వెళ్లి, డ్యూటీ గుమాస్తాను టీకి తీసుకెళ్లి, తాళం చెవి పుచ్చుకుని, పన్నెండు దాకా కూర్చుని వచ్చేవారు. నేను పగలు వెళితే అదే గుమాస్తా ‘మేడమ్, ఈ ఒంటితో మీకెందుకండీ శ్రమ’ అని కుర్చీ వేసేవాడు. షీట్లు మాత్రం తీసేవాడు కాదు. చాలా మర్యాదస్తుడు. మా వారి థీసిస్‌లో కేసుల సంఖ్య నా దానికి రెట్టింపు. ఆ రోజుల్లో ఎవరైనా నాకు నీ ఫారం ఇచ్చి ఉంటే, నేనూ ‘సమయం లేదు’ అన్న మొదటి గడిలోనే టిక్ పెట్టి ఉండేదాన్ని.

---

రాత్రి డ్యూటీ (జనరల్ మెడిసిన్ పీజీ, రెండో సంవత్సరం)

ఎమర్జెన్సీ కాస్త ఖాళీగా ఉంది, అందుకే రాస్తున్నాను.

మీరు చెప్పిన ‘నాకు వచ్చు’ అబ్బాయిని నేనే. అంటే మీ కళాశాల కాదు, ఆ రకం. ఎంబీబీఎస్‌లో ఇలాంటి ఫారం నాకూ ఒకటి వచ్చింది. గణాంకాలు వచ్చని, జర్నల్ పేపరు చదివి మంచిచెడ్డలు చెప్పగలనని, అన్నిటికీ ‘వచ్చు’ అనే పెట్టాను. అప్పటికి నేను ఒక్క పేపరు కూడా మొదటి పేజీ దాటి చదవలేదు. అబద్ధం చెబుతున్నానని కూడా అనిపించలేదు. అవసరమైతే ఎవరినైనా అడిగి చేసేస్తాను, కాబట్టి వచ్చినట్టే అని నా లెక్క. పక్కన కూర్చున్న అమ్మాయి ‘పూర్తిగా నేర్చుకోలేదు’ కాబట్టి రాదని పెట్టింది. ఇద్దరికీ తెలిసింది ఒకటే, ‘రావడం’ అనే మాటకు అర్థాలే వేరు. అందువల్ల పైన మేడమ్ గారు చెప్పిన ఐదు ప్రశ్నలు తప్పకుండా పెట్టండి.

అబ్బాయిలకూ అడ్డంకులు ఉన్నాయి, కాకపోతే ఫారంలో వాటికి గడి ఉండదు. మా ఇంట్లో నేను పెద్దకొడుకుని. చదువుకు చేసిన అప్పు మీద వడ్డీ ప్రతినెలా నాన్న ఫోనులో మాటల మధ్య వినిపిస్తుంది, ఆయన నేరుగా ఎప్పుడూ అనరు. రెండు నెలలు కూర్చుని రిపోర్టు రాసి, అది ఆమోదం పొందాక వచ్చే స్టైపెండ్ కన్నా, ముందు పీజీ సీటు ఎలా అన్నదే అప్పట్లో ఇంట్లో ప్రశ్న. ‘ఇంటి ఒత్తిడి’ అని మీరు ఒకే గడి పెడితే, తమ్ముడి హోంవర్కూ నాన్న వడ్డీ రెండూ అందులోనే పడతాయి. విడదీయండి.

ఇంకొకటి చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్పేస్తాను. నా పేరు మూడు పేపర్లలో ఉంది. అందులో ఒకదానికి నేను చేసిన పని బండి నడపడం. సార్‌కు శాంపిళ్లు వేరే ల్యాబుకు చేర్చాలి, ‘నీకు బైక్ ఉందిగా బాబూ’ అన్నారు. నాలుగు నెలలు తిప్పాను. దారిలో టీ తాగేటప్పుడు సార్ ప్రాజెక్టు గురించి మాట్లాడేవారు, తర్వాతి ఆలోచన చెప్పేవారు, సదస్సుకు వెళుతూ కారులో వెనక సీటు ఇచ్చారు. నేను నేర్చుకున్నదంతా ఆ టీ కొట్టు దగ్గరే. మా బ్యాచ్ అమ్మాయి అదే ప్రాజెక్టులో రెండు వందలకు పైగా కేసులు కంప్యూటర్‌లో ఎక్కించింది, పట్టికలన్నీ తనే వేసింది. పేపరులో ఆమె పేరు చివరన కృతజ్ఞతల్లో వచ్చింది. రచయితగా పేరు ఉండాలంటే వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ (ఐసీఎంజేఈ) చెప్పే నాలుగు షరతులు ఉన్నాయి: పనిలో గణనీయమైన పాత్ర, రాయడంలో గానీ సవరించడంలో గానీ పాలు, చివరి ప్రతికి ఆమోదం, మొత్తానికి బాధ్యత. బండి నడపడం ఆ నాలుగింటిలో దేనికిందకూ రాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆమెకు ‘మార్గదర్శకులు దొరకలేదు’ అన్న ఫిర్యాదు లేదు, కాగితం మీద ఇద్దరికీ గైడు ఒక్కరే. మీ ఫారంలో ‘గైడు ఉన్నారా’ అని కాకుండా, ‘గత నెలలో గైడుతో గదిలో కాకుండా బయట ఎన్నిసార్లు మాట్లాడారు’ అని అడగగలిగితే అడగండి.

పిలుస్తున్నారు, వెళ్లాలి.

---

పాత స్టెతస్కోపు (సర్జరీ, విశ్రాంత ప్రొఫెసర్)

అమ్మాయీ, చదివాను. ఈ తరం ప్రతి దానికీ ఒక సర్వే చేస్తుంది. మా రోజుల్లో గేటు ఆరింటికే వేసేవారు, అయినా చదివినవాళ్లు చదివారు. పట్టుదల ఉన్నవారికి గేట్లు అడ్డు రావు. మా హైదరాబాదులోనే రూపాబాయి ఫర్దూన్‌జీ 1880ల్లో మెడికల్ స్కూల్లో చదివి, ఆసుపత్రిలో క్లోరోఫాం ఇచ్చింది. మత్తు వైద్యంలో తొలి మహిళల్లో ఆమెను లెక్కిస్తారు. ఆమెకు ఎవరు ఫారం ఇచ్చి అడ్డంకులు అడిగారు?

---

మూడో బెంచి

సార్, నమస్కారం. రూపాబాయి గారి గురించి నేనూ చదివాను. ఆ స్కూలు ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ గారు. 1888లోనూ 1889లోనూ క్లోరోఫాం ఎంత సురక్షితమో పరీక్షించిన కమిషన్లు నడిపిందీ ఆయనే. తరగతిలో చేర్చుకున్నదీ, ఆపరేషన్ గదిలోకి రానిచ్చిందీ ఆయన నడిపిన సంస్థే కదా. ఆమె పట్టుదలను నేను తక్కువ చేయడం లేదు. గది తాళం ఉన్నవారు తలుపు తీశారు, ఆమె లోపలికి వెళ్లి పని చేసి చూపించారు. నా ఫారంలో నేను అడగాలనుకుంటున్నది ఆ తాళం సంగతే.

మీరు పీజీలకు గైడుగా ఉన్న రోజుల్లో థీసిస్ కాకుండా అదనంగా పేపర్లు ఎవరితో రాయించేవారు, వాళ్లను ఎలా ఎంచుకునేవారు? నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను సార్.

---

పాత స్టెతస్కోపు

సాయంత్రం రౌండ్ల తర్వాత నా వెంట ఉన్నవాళ్లతో.

రౌండ్లు ఎనిమిదికి ముగిసేవి. సరే, అడుగు నీ ప్రశ్న.

---

మిషిగన్ మంచు (ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెంట్, అమెరికా)

నేను తెలంగాణలో ఎంబీబీఎస్ చేసి ఇక్కడికి వచ్చాను. ఇక్కడ రెసిడెన్సీ (మన పీజీ లాంటిది) దరఖాస్తులో పరిశోధన అనుభవానికి ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది. అందుకే మన దేశం నుంచి వచ్చేవాళ్లంతా ఎంబీబీఎస్‌లోనే పేపర్ల వెంట పడుతున్నారు. పేపరు అలంకారం కాకుండా ప్రవేశ పత్రం అయిపోయినప్పుడు, పైన ‘రాత్రి డ్యూటీ’ గారు చెప్పిన కృతజ్ఞతల సంగతి చిన్నది కాదు. ఆ అమ్మాయి దరఖాస్తులో ఆ పని ఎక్కడా కనబడదు.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు అనుకోకు. 2006లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో ఒక లెక్క వచ్చింది. ఆరు పేరున్న వైద్య పత్రికల్లో అమెరికా సంస్థల డాక్టర్లు రాసిన పరిశోధన వ్యాసాలు తీసుకుంటే, మొదటి రచయితల్లో స్త్రీలు 1970లో 5.9 శాతం, 2004లో 29.3 శాతం. రచయితల జాబితాలో చివరి పేరు, అంటే పని చేయించిన పెద్దతల పేరు దగ్గర 3.7 నుంచి 19.3. నాకు ఇందులో పనికొచ్చింది రెండో జత. పేపరు రాసే అమ్మాయిలు పెరిగినంతగా, రాయించే స్థానంలో స్త్రీలు లేరు. ‘మార్గదర్శకులు దొరకడం లేదు’ అన్న నీ వాక్యాన్ని ఈ చివరి పేరుతో కలిపి చూడు. గైడు స్త్రీయా పురుషుడా అన్నది కూడా అడిగి పెట్టుకో. తర్వాత పనికొస్తుంది, ఇప్పుడు అడగకపోతే మళ్లీ దొరకదు.

దీనికి సంబంధం ఉందో లేదో కానీ ఒకటి రాయాలనిపిస్తోంది. చిన్నప్పటి నుంచి యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ మనందరికీ చెబుతారు. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో పని చేశారు. నాకూ అదే కథ చెప్పి నాన్న విమానం ఎక్కించారు. మామగారు ఆయన చదువుకు అండగా నిలిచారని, భార్య శేషగిరి గారిని ఇండియాలోనే ఉంచి వెళ్లారని, 1948లో న్యూయార్క్‌లో చనిపోయేదాకా ఆయన తిరిగి రానేలేదని నేను పెద్దయ్యాక చదివాను. ఆయన గొప్పతనం మీద నాకు గౌరవమే. కానీ ఈ మధ్య మా ఆయన వేరే రాష్ట్రంలో ఫెలోషిప్‌కు వెళతానన్నప్పుడు, మా ఇద్దరిలో ఎవరు ఎక్కడ ఉండాలన్న మాట వచ్చినప్పుడు, నాకు గుర్తొచ్చింది శేషగిరి గారే.

నీ ఫారంలో ఒక ప్రశ్న: ‘పెళ్లి తర్వాత కూడా పరిశోధన కొనసాగిస్తారనుకుంటున్నారా?’ దీన్ని అబ్బాయిలను కూడా అడుగు. వాళ్లు ఈ ప్రశ్న ఎందుకు అడిగావని నిన్ను తిరిగి అడిగితే, అది కూడా రాసుకో.

---

మూడో బెంచి

అందరికీ కృతజ్ఞతలు. నాలుగు రోజులు పట్టింది, ఇప్పుడు చెప్పగలను.

ఇరవై వాక్యాలను తొమ్మిదికి తగ్గించాను. ‘అడ్డంకి’ అనే మాట మొదటి పేజీలో ఎక్కడా లేదు. ‘ఎక్కడ ఆగిపోయారు’ అన్న మెట్లు చేర్చాను. సాయంత్రం గడుల పట్టిక చేర్చాను, అనుమతి ప్రశ్న దాని కిందే ఉంది. సార్ ఆ పేజీ చాలాసేపు చూశారు. ‘ఇది హాస్టల్ ప్రశ్నే కదూ’ అన్నారు. అవును సార్ అన్నాను. కాసేపాగి, ‘అబ్బాయిలకూ ఇదే కదా, సరే’ అన్నారు. శీర్షికలో ఆత్మవిశ్వాసం మాట తీసేశాం. ఏ పేరు పెట్టాలో ఫలితాలు వచ్చాక చూద్దామన్నారు. నేను అనుకున్నదానికన్నా సులువుగా ఒప్పుకున్నారు. ఇన్నాళ్లూ నేను సరిగ్గా అడగలేదేమో.

‘ఇంటి ఒత్తిడి’ని మూడుగా విడదీశాను: ఇంటి పని, ఇంటి డబ్బు, ఇంటివారి అభ్యంతరం. గైడుతో బయట మాట్లాడిన లెక్క పెట్టాను. పెళ్లి ప్రశ్న మాత్రం సార్ వద్దన్నారు, నేనూ ఈసారికి పట్టుబట్టలేదు.

గణాంకాల ఐదు ప్రశ్నలు ముందు నేనే రాసుకుని చూశాను. నాకు మూడు వచ్చాయి. నేను నాకు వేసుకున్న మార్కు ‘అసలు రావు’.

ఇక మేడమ్ గారికి ఒక సందేహం. ధీమా అబ్బాయికి కొత్త పేజీ చూపించాను. (ఇది డేటా కాదు మేడమ్, మందలించకండి.) ఐదింటిలో ఒకటి వచ్చింది. వెంటనే ఫారం వెనక్కి లాక్కుని ‘వచ్చు’ టిక్ కొట్టేసి ‘కొంచెం వచ్చు’ మీద పెట్టబోయాడు. నేను ఇవ్వలేదు. అసలు సర్వేలో కూడా ఇలా జరుగుతుంది కదా, అప్పుడు ఏ టిక్ లెక్కలోకి తీసుకోవాలి?

---

రికార్డు గది

రెండూ. ఆ అబ్బాయికి కృతజ్ఞతలు చెప్పు, మనకు తట్టనిది అతనికి తట్టింది.

స్వయంగా వేసుకునే మార్కును ఐదు ప్రశ్నలకు ముందు ఒకసారి, తర్వాత ఇంకోసారి అడుగు. మొదటి పేజీ తీసుకున్నాకే రెండో పేజీ ఇవ్వాలి, లేకపోతే అందరూ వెనక్కి వెళ్లి దిద్దుకుంటారు. ఆన్‌లైన్‌లో అయితే వెనక్కి వెళ్లే మీట తీసెయ్. రెండు పేజీలనూ కలపడానికి పేరు వద్దు, ముందే నంబరు వేసిన జత కాగితాలు చాలు. ఎవరు ఎంత దిద్దుకున్నారు, పైకా కిందికా, అదే నీ ప్రధాన ప్రశ్నల్లో ఒకటిగా ప్రతిపాదనలో రాయి. కమిటీకి పంపే ముందు కాగితాలు నాకు ఒకసారి చూపించు, రాత్రి తొమ్మిది తర్వాత ఖాళీగా ఉంటాను. అన్నట్టు, మీ గేటు ఏడున్నరకే అయినా ఫోను పనిచేస్తుందిగా.